‘చదివి అర్థం చేసుకున్నాను’: కింద సంతకం



ఈ వారం రోస్టర్ పాయింట్ల గురించి రాస్తానని మాటిచ్చాను. అది వాయిదా వేస్తున్నాను. మధ్యలో ఒక కాగితాల కట్ట నా చేతికొచ్చింది. అది చదివాక ఇంకేదీ రాయబుద్ధి కాలేదు.

తెచ్చినవాడు మా కాలేజీలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివాడు. నా తెలుగు క్లాసులో చివరి బెంచీ. పేరు చెప్పను, ఊరు చెప్పను. చోడవరం చుట్టుపక్కల ఏదో ఒక ఊరి చివరి పేట అనుకోండి. డిగ్రీ అయిన రెండో నెలలోనే కాంట్రాక్టరు ద్వారా ఒక మందుల కంపెనీలో హెల్పరుగా చేరాడు. కంపెనీ పేరు కూడా చెప్పను, వాడికి రేపు ఇంకో గేటు దగ్గర పని కావాలి. పద్నాలుగు నెలలు చేశాడు. ఒక రాత్రి షిఫ్టులో మంట ఎగిసి కుడి చెయ్యి, మెడ, చెంప కాలాయి. బతికాడు. చెయ్యి మాత్రం ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు, గ్లాసు పట్టుకుంటే జారిపోతుంది.

"ఇవన్నీ ఇంగిలీసులో ఉన్నాయి సార్. ఏటి రాసీసారో ఒకపాలి సదివి సెప్పండి" అన్నాడు.

"బీఎస్సీ చదివావు కదరా, నీకు రాదా?"

"వచ్చు సార్. గానీ నేను సదివితే నాకు అనుకూలంగానే అర్థమైపోద్ది. మీరు సదవండి."

చదివాను. అది వాడి ట్రైనింగ్ రికార్డు. ఇరవై మూడు షీట్లు. ఒక్కో షీటు మీద ఒక అంశం, తేదీ, చెప్పినవారి సంతకం, విన్నవారి సంతకం. అడుగున అచ్చేసిన ఒకే వాక్యం: చదివి అర్థం చేసుకున్నాను. ఇరవై మూడులో పదిహేను షీట్ల మీద తేదీ ఒక్కటే, అంటే చేరిన మొదటి రోజే. ఒక్క రోజులో మనిషి పదిహేను విషయాలు చదివి అర్థం చేసుకున్నాడు. నేను పీహెచ్‌డీ చేసిన ఐదేళ్లలో ఏ రోజూ అంత అర్థం చేసుకోలేదు.

"ఇవన్నీ చెప్పారా నీకు?"

"ఏసీ రూములో కూకోబెట్టి ఒక వీడియో ఏసారు సార్. హిందీలో ఉంది. తర్వాత టీ ఇచ్చారు. తర్వాత ఇయన్నీ ఇచ్చి సంతకమెట్టీమన్నారు. ఎట్టీసాను."

కట్ట చివర ఒక పరీక్ష పేపరు. పది ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, సరైనదానికి టిక్కు పెట్టాలి. వాడికి తొమ్మిది వచ్చాయి. ఏడో ప్రశ్న: సాల్వెంట్ ఉన్న రియాక్టర్ మ్యాన్‌హోల్ తెరిచి పౌడరు వేసే ముందు ఏం చూసుకోవాలి? వాడు టిక్కు పెట్టిన జవాబు: నైట్రోజన్ వెళ్తోందా, ఎర్తింగ్ క్లాంపు తగిలించి ఉందా. సరైన జవాబు. ఎర్ర పెన్నుతో రైటు కొట్టి ఉంది.

ఇప్పుడు ఆ రాత్రి ఏం జరిగిందో వినండి. నైట్రోజన్ లైనులో ప్రెషరు లేదు. బ్యాచ్ అప్పటికే లేటు. షిఫ్ట్ ఇన్‌చార్జి వచ్చి తెరిచి వేసెయ్యమన్నాడు. వీడు "నైట్రోజన్ నేదు సార్" అన్నాడు. "కెమిస్టువి నువ్వా నేనా?" అన్నాడాయన. వీడు తెరిచాడు. ప్లాస్టిక్ బ్యాగులోంచి పౌడరు జారుతుంటే పుట్టిన నిప్పురవ్వ చాలు, లోపలి ఆవిరి అంటుకోవడానికి.

తర్వాత కంపెనీ లోపలి విచారణలో వాడి ముందు పెట్టిన కాగితం ఏమిటో తెలుసా? ఆ పరీక్ష పేపరే. ఏడో ప్రశ్న మీద వేలు పెట్టి చూపించారట. "నీకు తెలుసు. తెలిసే చేశావు. ఇది నీ తప్పు."

వాడు నాతో అన్న మాట: "పెయిలైపోయినా బాగున్ను సార్."

ఇదే ఈ వారం నేను రాయదలచుకున్నది. ఆ శిక్షణ పనిచేసిందా లేదా అని అడిగితే, కంపెనీ లెక్కలో బ్రహ్మాండంగా పనిచేసింది. తొంభై శాతం మార్కులు. పైగా నిజంగానే వాడికి విషయం తెలిసింది, అక్కరకొచ్చిన క్షణంలో గుర్తొచ్చింది, నోరు తెరిచి చెప్పాడు కూడా. ఇంతకన్నా ఏ శిక్షణైనా ఏం సాధిస్తుంది? అయినా కాలింది వాడి చెయ్యే. వాడికి నేర్పిన జ్ఞానం వాడిని కాపాడటానికి పనికిరాలేదు, వాడి మీద సాక్ష్యంగా మాత్రం పనికొచ్చింది.

శిక్షణ ఫలితాన్ని ఎలా కొలవాలో చెప్పే శాస్త్రం ఒకటుంది. మేనేజ్‌మెంటు చదివే పిల్లలకు ఇది కంఠస్థం. డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ 1959లో నాలుగు మెట్లు చెప్పాడు. వచ్చినవాడికి నచ్చిందా? నేర్చుకున్నాడా? పనిలోకి వెళ్లాక ఆ నేర్చుకున్నది చేస్తున్నాడా? దానివల్ల ఏదైనా ఫలితం వచ్చిందా? చూడటానికి చక్కగానే ఉంది. మన దగ్గర ఇది మొదటి రెండు మెట్ల దగ్గరే చతికిలబడుతుంది. నచ్చిందా అనే ఫారం, నేర్చుకున్నాడా అనే టిక్కుల పేపరు. మూడో మెట్టు ఎక్కాలంటే ప్రొడక్షన్ బ్లాకులోకి రాత్రి రెండింటికి వెళ్లి చూడాలి. ఎవరెళ్తారు?

ముందు నా బండారం బయటపెట్టాలి. మా లెక్చరర్లకూ రిఫ్రెషర్ కోర్సులుంటాయి. ప్రమోషనుకు అవి కావాలి. చివరి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తారు. నేను ఇంతవరకు ప్రతిదాంట్లో ‘అద్భుతం’ గడిలోనే టిక్కు పెట్టాను. ఒకాయన రెండు గంటలు ఫోన్ చూసుకుంటూ స్లైడ్లు చదివి వెళ్లిపోయినా అద్భుతమే. సర్టిఫికెట్టు రావాలి, ఇంటికి బస్సు అందుకోవాలి. నాలాంటి పర్మనెంటు ఉద్యోగే నిజం రాయడానికి జంకితే, మర్నాటి గేట్ పాస్ కాంట్రాక్టరు చేతిలో ఉన్న హెల్పరు ‘నాకు అర్థం కాలేదు’ అని రాస్తాడా? అలాంటి ఫారాలు పోగేసి, సగటు తీసి, బార్ గ్రాఫు గీసి, దానికి ‘శిక్షణ సమర్థత’ అని పేరు పెడుతున్నారు.

కర్క్‌పాట్రిక్ మెట్లలో నాకు కనిపించే అసలు లోపం వేరే. నాలుగో మెట్టు ఫలితం అంటుంది. ఎవరి ఫలితం? వాడి చెయ్యి దక్కడం ఫలితమా, బ్యాచ్ టైముకు దిగడం ఫలితమా? ఆడిట్‌కు వచ్చిన విదేశీ ఇన్‌స్పెక్టరుకు ట్రైనింగ్ ఫైలు నిండుగా కనిపించడం ఫలితమా? మందుల కంపెనీలకు ఈ ఫైలు ప్రాణం. మాత్ర మింగే అమెరికా వాడి భద్రత కోసం పెట్టిన ఫైలు అది. దాన్ని నేను తప్పుపట్టను, మాత్ర బాగుండాలి. మాత్ర తయారుచేసే చెయ్యి కూడా బాగుండాలని అడుగుతున్నాను.

ప్రమాదాలను ఆపే పద్ధతులకు ఒక వరస ఉంది. సేఫ్టీ చదివినవాళ్లందరికీ తెలుసు. అన్నిటికన్నా గట్టిది ప్రమాదకరమైన పదార్థాన్నే తీసెయ్యడం. అది కుదరకపోతే తక్కువ ప్రమాదమున్నది వాడటం. తర్వాత యంత్రంలోనే అడ్డుకట్ట పెట్టడం, అంటే నైట్రోజన్ లేకపోతే మ్యాన్‌హోల్ మూత అసలు తెరుచుకోకుండా చెయ్యడం. ఆ తర్వాతే నియమాలు, బోర్డులు, శిక్షణలు. ఆఖరున గ్లౌజులు, హెల్మెట్లు. అంటే శిక్షణ కింద నుంచి రెండోది. మూతకు తాళం పెట్టాలంటే డబ్బు కావాలి. వీడియో వేసి టీ ఇవ్వాలంటే పెద్దగా అక్కర్లేదు. అందుకే ప్రతి ప్రమాదం తర్వాత పేపర్లో ఒకే మాట వస్తుంది: కార్మికులకు అవగాహన కల్పిస్తాం. ఎప్పుడూ అవగాహన కార్మికుడికే కావాలి. డిజైన్ చేసినవాడికి, కొనుగోలు చేసినవాడికి, మెయింటెనెన్స్ వాయిదా వేసినవాడికి అవగాహన పుట్టుకతోనే ఉంటుంది కాబోలు.

2012లో లిండా రాబ్సన్, ఆమె సహచరులు అప్పటిదాకా వచ్చిన భద్రతా శిక్షణ అధ్యయనాలను వడకట్టి చూశారు. శిక్షణవల్ల పనివాళ్ల ప్రవర్తన మారుతుందనడానికి బలమైన ఆధారం దొరికింది. గాయాలు, జబ్బులు తగ్గుతాయనడానికి మాత్రం చాలినంత ఆధారం దొరకలేదు. వాళ్లు జాగ్రత్తగా చెప్పిన మాటను మావాడు ఒక్క రాత్రిలో చేసి చూపించాడు. ప్రవర్తన మారింది, ‘నేదు సార్’ అన్నాడు. గాయం ఆగలేదు.

అలాగని శిక్షణే వద్దని నేనంటున్నానని ఎవరూ అనుకోవద్దు. శిక్షణ లేకపోతే ఏమవుతుందో మనకు వైజాగ్‌లోనే తెలుసు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ జూలైలో నివేదిక ఇచ్చింది. గేటు దగ్గరున్నదానితో కలిపి ఫ్యాక్టరీలో సైరన్ మోగించే చోట్లు 36 ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు. ఒక్క వేలు ఒక్క బటన్ నొక్కి ఉంటే ఊరు ముందే లేచేది. ఇక్కడ శిక్షణ లోటు పచ్చినిజం. కానీ అదే నివేదికలో ఇంకోటుంది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సాధనం అడుగున మాత్రమే ఉంది, పైన లేదు. పైభాగం ఎంత వేడెక్కిందో ఎంత శిక్షణ పొందినవాడికైనా ఎలా తెలుస్తుంది? మనవాళ్లు ఈ రెండో సంగతి మరిచిపోయి మొదటిదే పట్టుకుని సెమినార్లు పెడతారు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియాలో, మధ్యాహ్నం భోజనాల వేళ, 17 మంది పోయారు. సాల్వెంట్ లీకై దాని ఆవిరి ఎలక్ట్రికల్ ప్యానెల్ దగ్గర అంటుకుందని అధికారులు చెప్పారు. చనిపోయినవాళ్లలో ఇంజినీర్లూ ఉన్నారు. వాళ్లకు ఏ క్లాసు తక్కువైంది? 2025 ఏప్రిల్ 13న మన జిల్లాలోనే, కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ దగ్గర పేలి 8 మంది చనిపోయారు. (2022 ఏప్రిల్‌లో మమ్మల్ని అనకాపల్లి జిల్లా చేశారు గానీ మా నోట్లో ఇంకా వైజాగ్ జిల్లానే ఉంది.) అదే సంవత్సరం జూన్ 30న తెలంగాణలో పాశమైలారం సిగాచి, 40 మందికి పైగా. వాళ్లలో చాలామంది ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్లు. మన పిల్లలకు హిందీ వీడియో వేసే చోట, ఆ పిల్లలకు ఏ భాషలో చెబుతారో అని నాకు ఎప్పుడూ ఒక అనుమానం.

భాష మాటొచ్చింది కాబట్టి ఇంకో బండారం. రెండేళ్ల క్రితం ఒక శిక్షణ సంస్థ వాళ్లు సేఫ్టీ పాఠాలు తెలుగులోకి మార్చిపెట్టమని నన్ను అడిగారు. డబ్బులిచ్చారు, చేశాను. గర్వంగా చేశాను. ఇనర్ట్ అట్మాస్ఫియర్‌ను ‘జడ వాతావరణం’ అన్నాను. స్టాటిక్ కరెంటును ‘స్థిర విద్యుత్తు’ అన్నాను. పారిభాషిక పదకోశంలో ఉన్న మాటలే అవి. మొన్న ఈ కట్ట తెచ్చిన కుర్రాడికి ఆ పాఠం చూపించాను. వాడు చదివి, "జడ అంటే ఆడపిల్లల జడా సార్?" అన్నాడు. నవ్వాను. తర్వాతి ప్రశ్నకు నవ్వు ఆగిపోయింది. "స్థిరం అంటే కదలనిది గదా సార్. కదలకపోతే నిప్పెలా ఒస్తాది?"

ప్రాణం మీదికి తెచ్చే విషయానికి ప్రాణం లేని పేరు పెట్టాను నేను. వాడు బీఎస్సీ చదివాడు కాబట్టి అడిగాడు. పదో తరగతి తప్పి హెల్పరైనవాడు అడగడు, స్థిరంగా ఉందిలే అనుకుని బ్యాగు దులుపుతాడు. చీకట్లో నైలాను చొక్కా తీస్తే ఒంటి మీద చిటపటలాడుతుందే, అదే ఇక్కడ నిప్పు అని రాసి ఉంటే సరిపోయేది. ఆ వాక్యం రాయడానికి డాక్టరేటు అక్కర్లేదు. అలా రాస్తే శిక్షణ సంస్థ ‘ఇది గ్రాంథికంగా లేదు, ప్రొఫెషనల్‌గా లేదు’ అని తిరగ్గొట్టేది కూడా. మాకు అర్థం కాని భాషలో మా దగ్గర సంతకం తీసుకోవడం ఇవాళ్టిది కాదు. మా తాత ఊళ్లో షావుకారు దగ్గర కంబారి. ప్రోనోటు మీద వేలిముద్ర వేసేవాడు. దాంట్లో ఏం రాసుందో షావుకారు చదివి చెప్పేవాడు, చెప్పిందే వినాలి. మనవడి తరానికి వేలిముద్ర పోయి సంతకం వచ్చింది. ‘చదివి అర్థం చేసుకున్నాను’ అనే అచ్చు వాక్యం అదనం.

మా అయ్య గురించి కూడా ఒక్క మాట చెప్పనివ్వండి, ఇది శిక్షణ గురించే. ఆయన బెల్లం వండే మనిషి. మా చోడవరం, అనకాపల్లి పక్క బెల్లం ఎలా తయారవుతుందో తెలియనివాళ్లకు చెబుతాను. చెరకు రసం పెద్ద పెనంలో పోసి, కింద పిప్పి మంట పెట్టి, మడ్డి తీస్తూ, పాకం వచ్చేదాకా కాస్తారు. ఆ పెనంలో పడి చేతులు కాల్చుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మా అయ్యకు ఎవరూ వీడియో వెయ్యలేదు. ఇంకో పెద్దాయన పక్కన రెండు సీజన్లు నిలబడి నేర్చుకున్నాడు. మొదట పిప్పి ఎగదోయడం, తర్వాత మడ్డి తీయడం, ఆఖరికి గరిటెతో చుక్క తీసి నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ముద్ద కట్టిందో లేదో చూడటం. ఆ పెద్దాయన ఇతన్ని పరీక్ష పెట్టలేదు. ఒక రోజు "నువ్వు సూడు" అని గరిటె ఇచ్చేశాడు, అదే సర్టిఫికెట్టు. ఇక ఆ రోజు నుంచి మా అయ్య "దించీండి" అంటే దించాల్సిందే. పొలం ఆసామి అక్కడే మంచం మీద కూర్చున్నా సరే, ఇంకో అయిదు నిమిషాలు కాయమని అనేవాడు కాదు. అంటే బెల్లం మాడుతుంది, నష్టం ఆసామిదే.

దీన్ని బంగారు కాలం అని ఎవరూ రొమాంటిక్‌గా తీసుకోకండి. పెనం దించమనే మాట మా అయ్యది, టీ తాగే గ్లాసు మాత్రం వేరే, చూరులో దోపి ఉండేది. నేను చెప్పేది ఒకటే. ఆయన నేర్చుకున్నదానితో పాటు పని ఆపే అధికారం కూడా వచ్చింది, ఎందుకంటే అక్కడ ఆపకపోతే నష్టం యజమానికి. రియాక్టర్ దగ్గర ఆపితే నష్టం యజమానికి, ఆపకపోతే నష్టం హెల్పరుకు. లెక్క తిరగబడింది. అందుకే జ్ఞానం కిందికి పంపిస్తారు, అధికారం పైనే ఉంచుకుంటారు.

ఇందులో కులం ఎక్కడుంది అని అడిగే కామ్రేడ్లున్నారు. కాంట్రాక్టు వ్యవస్థ సమస్యను కులం సమస్య చేస్తున్నావంటారు. నా దగ్గర గణాంకాలు లేవు. కాంట్రాక్టరు రిజిస్టర్లో కులం గడి ఉండదు. నా దగ్గరున్నది పదేళ్ల క్లాసు హాజరు పట్టీ. అందులో ఎవరు ఆఫీసర్ ట్రైనీగా వెళ్లారో, ఎవరు హెల్పరుగా వెళ్లారో, ఒకే బీఎస్సీ, ఒకే మార్కులు, నాకు పేరుపేరునా తెలుసు. మేనమామ ఫోన్ చేస్తే క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేరినవాడు తెలుసు. ఫోన్ చేసే మేనమామ లేక పేటలోని మేస్త్రీ చెయ్యి పట్టుకుని బ్లాకులోకి వెళ్లినవాడు తెలుసు. గోవాడ షుగర్ ఫ్యాక్టరీ బకాయిల్లో కూరుకుపోయాక సీజన్ కూలీ కూడా లేక వీళ్లంతా తెల్లారకుండానే కంపెనీ బస్సు ఎక్కుతున్నారు. మనిషికి పని నిర్ణయించేది వాడి సామర్థ్యం, దానికి ఇచ్చిన శిక్షణ కాకుండా తల్లిదండ్రుల హోదా అయినచోట అది శ్రమ విభజన అనిపించుకోదని అంబేద్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించారు. ఆ పుస్తకంలో శిక్షణ ప్రస్తావన ఉందని మన మేనేజ్‌మెంటు మేధావులు గమనించినట్టు లేదు.

‘కెమిస్టువి నువ్వా నేనా?’ అనే ప్రశ్నను మరోసారి వినండి. వీడూ కెమిస్ట్రీ డిగ్రీవాడే.

ఇంకో వాదన మన పేటల్లోంచే వస్తుంది. అసలు ఇన్నాళ్లూ మనకు ఏ పనీ నేర్పలేదు, ఇప్పుడు నేర్పుతామంటుంటే మళ్లీ వద్దంటావేంటన్నా అని. ఈ మాటను నేను కొట్టిపారెయ్యను, దాని వెనక ఆకలి నాకు తెలుసు. నేర్పమనే నేనూ అడుగుతున్నాను. హిందీ వీడియో, పదిహేను సంతకాలు నేర్పడం కిందికి రావు. అవి నేర్పినట్టు రుజువు తయారుచేసుకోవడం.

చట్టం ఏమంటుందో చూద్దాం. విద్యార్థులు ఇది రాసిపెట్టుకోండి. 1984 భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. 41బీ ప్రకారం ప్రమాదకర పరిశ్రమలో ఏం వాడుతున్నారో, ఏ ముప్పు ఉందో కార్మికులకూ చుట్టుపక్కల జనానికీ యజమాని చెప్పాలి. 41హెచ్ ప్రకారం ప్రాణాపాయం ముంచుకొస్తోందనిపిస్తే కార్మికుడు ఆ సంగతి యాజమాన్యానికి తెలపవచ్చు, ఇన్‌స్పెక్టరు దృష్టికీ తేవచ్చు. 111ఏ అయితే భద్రత సమాచారం, శిక్షణ కార్మికుడి హక్కులని రాసింది. హక్కు అని రాసినదాన్ని మనవాళ్లు సంతకం పెట్టాల్సిన బాధ్యతగా మార్చారు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ అమల్లోకి వచ్చింది. దాని 14వ సెక్షన్ కూడా ప్రమాదం ఉందనిపిస్తే యజమానికి తెలియజేయవచ్చనే అంటుంది. యజమాని నమ్మకపోతే విషయం అధికారి దగ్గరికి వెళ్తుంది, ఆయన నిర్ణయం ఆఖరు. బాగుంది. రాత్రి రెండింటికి మ్యాన్‌హోల్ ముందు నిలబడ్డవాడు ఆ నిర్ణయం వచ్చేదాకా మూత తెరవాలా, మానాలా? ప్రమాదం అనిపించిన పని నుంచి పక్కకు తప్పుకున్నవాడిని శిక్షించకూడదని 1981 నాటి ఐఎల్‌ఓ 155వ ఒడంబడిక, 13వ అధికరణం సూటిగా చెబుతుంది. మన చట్టం ‘తెలియజేయవచ్చు’ దగ్గర ఆగిపోయింది. మావాడు తెలియజేశాడు. రెండే మాటల్లో తెలియజేశాడు.

కాబట్టి ఏ కంపెనీ అయినా మా శిక్షణ సమర్థంగా ఉందని చెబితే, మార్కుల షీటు పక్కన పెట్టి నేను అడిగేవి వేరే. గత ఏడాదిలో కాంట్రాక్టు హెల్పరు ‘ఇది చెయ్యను, ప్రమాదం’ అని ఎన్నిసార్లు పని ఆపాడు? సున్నా అయితే అంతా క్షేమమని అర్థం చేసుకోను, అనలేకపోయాడని అర్థం చేసుకుంటాను. ఆపినవాడి గేట్ పాస్ మర్నాడు పనిచేసిందా? షిఫ్ట్ ఇన్‌చార్జికి, కింది మనిషి కాదంటే వినడం ఎలాగో ఎవరైనా క్లాసు చెప్పారా, దానికి ఆయన దగ్గర సంతకం తీసుకున్నారా? బ్యాచ్ ఆలస్యమైతే ఆయన ఇంక్రిమెంటు కోస్తున్నారా? ప్రమాదం జరిగాక విచారణలో మొదట తెరిచే ఫైలు ట్రైనింగ్ ఫైలా, మెయింటెనెన్స్ ఫైలా? ఈ చివరి ప్రశ్న ఒక్కటి అడిగితే చాలు, ఆ శిక్షణ ఎవరి రక్షణ కోసమో తెలిసిపోతుంది.

పోయిన ఆదివారం మా పేట కమ్యూనిటీ హాల్లో కంపెనీలకు వెళ్లే కుర్రాళ్లు పదకొండు మంది కూర్చున్నాం. నా ‘జడ వాతావరణం’ పాఠాన్ని వాళ్ల చేతికే ఇచ్చి తిరగరాయమన్నాను. సగం పేజీ అయ్యింది, మాట మాటకీ గొడవే. నైట్రోజన్‌ను ‘గాలిని బయటికి నెట్టేసే గాలి’ అనాలని ఒకడు, ‘నిప్పుని బతకనియ్యని గాలి’ అనాలని ఇంకొకడు. రెండోది ఉంచాం. చెయ్యి కాలినవాడు వచ్చాడు గానీ ఏమీ మాట్లాడలేదు.

సోమవారం పొద్దున్న ఫోన్ చేశాడు. ఇంకో కాంట్రాక్టరు, ఇంకో గేటు. ప్యాకింగ్‌లో తేలిక పని అన్నారట. గేటు లోపల కూర్చోబెట్టి కాగితాలు ఇచ్చారు. వీడు మొదటి షీటు మీద సంతకం పెట్టి, దాని పక్కనే తెలుగులో ‘నాకు ఎవరూ చదివి వినిపించలేదు’ అని రాశాడట. హెచ్ఆర్ అమ్మాయి అది చూసి ఏమీ అనలేదు.

"ఆ కాగితం ఎనక్కి తీసేసుకుని ఇంకో కొత్తది ఇచ్చింది సార్. ఏటి సెయ్యమంటారు? ఎనకాల లైనుంది."

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వాడే పెట్టేశాడు, ఫోనూ, సంతకమూ.

మీలో, మీ ఇళ్లలో ఎవరి దగ్గరైనా ఇలాంటి ట్రైనింగ్ షీట్లు ఉంటే పేర్లు, కంపెనీ పేర్లు చెరిపేసి నాకు పంపండి. ఏ భాషలో ఉన్నాయి, ఒక్క రోజులో ఎన్ని సంతకాలు తీసుకున్నారు, ఎంతసేపు చెప్పారు, ఈ మూడు రాస్తే చాలు. వచ్చినవన్నీ ఒకచోట పెట్టి వచ్చే నెలలో రాస్తాను. రోస్టర్ పాయింట్లు వచ్చే వారం, ఈసారి ఖాయంగా.